పచ్చయమ్మ పోయే చోటు

నోరు పారేసుకుని చెడినవాళ్ళ కథలు లోకంలో బోలెడు. నోరు విప్పక చిక్కులో పడ్డ మనుషుల కథలు మాత్రం తక్కువ. పచ్చయమ్మది అలాంటి కథ.

ఆమె పుట్టిల్లు కృష్ణగిరి పక్కన గురుబరపల్లి. రోడ్డు మీది ఊరు. లారీలూ బస్సులూ ఇంటి ముందు నుంచే పోయేవి. నడక వచ్చినప్పటి నుంచీ ఆ పిల్లది ఒకటే ప్రశ్న: "ఇవన్నీ యాడికి పోతా ఉండాయి?" ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పెళ్ళి చేసి హోసూరు అవతల నల్లగుట్టపల్లికి పంపించారు. ఆ ఊరికి రోడ్డు కూడా లేదు, గట్ల మీద నడిచి రావాల్సిందే.

మొగుడు హనుమంతప్ప మెత్తని మనిషి. శ్రీరామప్ప అనే రైతు దగ్గర బావి కింద పూలతోట పాలుకు చేసేవాడు. కోపం వస్తే అరవడు, అన్నం మానేస్తాడు. అరవాల్సిన అరుపులన్నీ అతని తల్లి కాళమ్మ అరిచేది. కాళమ్మ తోటలో కేక వేస్తే గుట్ట అవతల మేకలు కాసేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. "అత్త లేని కోడలు ఉత్తమురాలు" అన్న సామెతను పచ్చయమ్మ నోటితో ఎన్నడూ అనలేదు గానీ, మనసులో అనుకోని రోజు లేదు.

రాష్ట్రాలు విడదీసి, హోసూరు మద్రాసు వైపు ఉండిపోయిన ఏడు, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలుతూ హనుమంతప్ప జారిపడ్డాడు. కాలు విరిగింది. చేమంతులు కోతకొచ్చి ఉన్నాయి. పూలు ఆగుతాయా? బెంగుళూరు మార్కెట్టుకు గంప ఎత్తుకుని పచ్చయమ్మ బయలుదేరింది. కాలు బాగైంది. అయినా ఆమే పోతూ వచ్చింది. "నువ్వు పోతే మంచి రేటుకు వస్తుంది" అని హనుమంతప్పే అన్నాడు. ఇక వద్దనేవాళ్ళెవరు?

వారానికి రెండుసార్లు, తొలి బస్సుకు. పొద్దెక్కేలోపు పూలు చెల్లిపోయేవి. మిగతా ఆడవాళ్ళు వెంటనే బస్సెక్కి తిరిగొచ్చేవాళ్ళు. పచ్చయమ్మ కూడా మొదట్లో అలాగే వచ్చేది.

ఒకరోజు పంచె, కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన గంపెడు చేమంతులు బేరమాడి, "మోసేవాళ్ళు లేరు, నువ్వే తెచ్చి ఇయ్యమ్మా" అన్నాడు. పార్కు పక్కన ఒక ఎర్ర బంగళా. మేడ మీద పటాల ప్రదర్శన మొదలుపెడుతున్నారట, గుమ్మానికి తోరణాలు కావాలట. గంప దించి, చెమట తుడుచుకుని తలెత్తిందో లేదో, పచ్చయమ్మ నిలువునా నిలబడిపోయింది. ఎదురుగా గోడ మీద వాన. నిజం వాన కాదు, రంగులతో రాసిన వాన. ఆ వానలో గొడుగు లేకుండా ఒక గొడ్ల కాపరి. చల్లగాలి తగిలినట్టయి ఆమె తన కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. తరువాత ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడింది.

కింది అంతస్తు మ్యూజియం. గేటు దగ్గర కాపలా ఉండే వెంకటరమణప్పది కోలారు పక్క పల్లె. తెలుగు వినగానే ఆయన ముఖం విప్పారింది. "ఏమ్మా, హోసూరు దిక్కుదానివా? లోపలికి పో, చూడు. దుడ్డేమీ అడగరు" అన్నాడు. పచ్చయమ్మ పోయింది. చూసింది. ఆ రోజు నుంచి తిరుగు బస్సుల్లో మొదటిది ఆమెకు అందనే లేదు.

ఆమె చూసే పద్ధతే వేరు. ఒక్కసారికి ఒక్క గదే. "సంగటి ముద్దంతా ఒకేసారి మింగేస్తారా అన్నా? గొంతుకు పడుతుంది" అనేది వెంకటరమణప్పతో. ఒకరోజు కత్తులు. ఒకరోజు నాణేలు. ఇంకోరోజు రాగి రేకులు. గడ్డి కూరి నిలబెట్టిన పులి దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగి, "ఇంగా ఈడనే ఉండావా?" అని పలకరించి పోయేది. మేడ మీద కొత్త పటాలు ఎప్పుడు పెడితే అప్పుడు ఆయనే కబురు చెప్పేవాడు.

చూసి చూసి ఆకలేసేది. హోటలుకు పోయేది. అదీ అసలు కొంప ముంచిన సంగతి. మార్కెట్టు వీధిలో ఉడిపి హోటలు. ఆడవాళ్ళకని తెర కట్టిన గది ఒకటుండేది, అందులో మొగుళ్ళతో వచ్చినవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఒంటరిదాన్ని, నాకు తెర ఎందుకని పచ్చయమ్మ బయట బల్ల మీదే కూర్చునేది. ఒకసారి ఇడ్లీ, ఒకసారి ఖారాబాత్, ఒకసారి మసాలా దోసె. తినేది కొంచెమే. కానీ ఎవరో వండి, ఎవరో తెచ్చి, "ఇంకేం కావాలమ్మా" అని అడుగుతుంటే కూర్చుని తినడం! ఇంట్లో ఆమెను ఎవరూ ఆ మాట అడిగిన పాపాన పోలేదు.

మొదటిసారి పటాలు చూసి ఇంటికొచ్చినప్పుడు హనుమంతప్పకు చెప్పబోయింది. "పటాలు చూస్తే కడుపు నిండుతుందా?" అని అతను ఆవలించాడు. అంతే, ఆమె నోరు మూతపడింది. రెండేళ్ళపాటు ఇంకెవరితోనూ అనలేదు. బస్సు ఆలస్యమైందని చెప్పేది.

ఆ ఊళ్ళో మారియప్ప అని ఒకడుండేవాడు. రాళ్ళ లారీ తోలేవాడు, దాన్ని రోడ్డు మీదే ఆపి ఊళ్ళోకి నడిచి వచ్చేవాడు. నోట్లో నువ్వుగింజ నానదు. లారీలో రాళ్ళేసుకుని బెంగుళూరు పోయి, ఒకరోజు హోటలు ముందు నిలబడ్డాడు. లోపల చూస్తే ఏముంది? మన ఊరి కోడలు, మగవాళ్ళ నడుమ, బల్ల మీద, కాఫీ చల్లార్చుకుంటూ! ఆ తరువాత వీధిలో ఎవరో కాకీబట్టల మనిషితో నవ్వుతూ మాట్లాడుతూ! ఆయన వెంకటరమణప్పే, భోజనానికి ఇంటికి పోతూ ఎదురైనవాడు. మారియప్పకు అంత వివరం దేనికి? చీకటి పడేలోపు నల్లగుట్టపల్లి అంతా చెవులు కొరుక్కుంది.

హనుమంతప్ప ఆ పూట సంగటి ముట్టలేదు. పచ్చయమ్మ "ఏమైంది?" అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అరిచింది కాళమ్మే.

"యాడికి పోతా ఉండావే నువ్వు? పూలమ్మేదానికి సాయంత్రం దాంకా పడతాదా?"

"మ్యూజియం అని ఒకటుంది అత్తా. పాతకాలం వస్తువులు పెట్టింటారు. చూసేదానికి పోయినాను" అంది పచ్చయమ్మ.

పక్కింటి అంజినమ్మ గుమ్మంలోనే ఉంది. ఆమె అన్న మద్రాసులో కూలి చేసి వచ్చినవాడు. "అయ్యో, మా అన్న చెప్పినాడు. దాన్ని మద్రాసులో సచ్చిన కాలేజీ అంటారంట!" అని బుగ్గలు నొక్కుకుంది.

"సచ్చినోళ్ళు ఉండే చోటికా!" కాళమ్మ అరుపుకు కోళ్ళు గంప కింద కొట్టుకున్నాయి. "కొంప ముంచినావు గదే! ఇంగ చాలు. ఇంగ నువ్వు గడప దాటేది లేదు. మారియప్ప లారీలో పూలు ఏసి పంపిద్దాము. నువ్వు కలుపు తియ్యి."

పచ్చయమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. కలుపు తీయడం కష్టమని కాదు. పుట్టినప్పటి నుంచీ తీస్తూనే ఉంది. కానీ ఆ ఎర్ర బంగళా ఇక లేదనుకుంటే లోపల ఏదో ఆరిపోయినట్టయింది. దీపావళికి మేడ మీద కొత్త పటాలు పెడతారని వెంకటరమణప్ప చెప్పి ఉన్నాడు. అది చెప్పుకుంటే నవ్వుతారు. చెప్పకపోతే చెడ్డదంటారు. ఎటు పోను?

ఆమె పెళ్ళయ్యాక మొదటిసారి అత్తకు ఎదురు నిలిచింది. "మారియప్ప మాట నమ్ముతావు, నా మాట నమ్మవా? నాతో రా. నా వెంటే గంప ఎత్తుకొని రా. నేను యాడికి పోతే ఆడికి రా. అంతా చూసి, ఆ తరువాత నువ్వు వద్దంటే, నేను ఇంగ పోను. సత్యంగా చెప్తా ఉండాను."

హనుమంతప్ప గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "పోయి రా అమ్మా. నువ్వు ఏం చెప్తే అదే" అన్నాడు. అంటే తీర్పు కాళమ్మ చేతికి వచ్చింది. పచ్చయమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. కాళమ్మ చేతికి తీర్పు ఇవ్వడమంటే, ఎలుక తన పిల్లలను పిల్లి కాపలాలో పెట్టడమే.

కాళమ్మ బయలుదేరేటప్పుడు వక్కాకు సంచిలో పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టుకుంది. చంకలో కొబ్బరికాయ ఒకటి. కోడలి బుద్ధి మార్చమని ఆ పట్నంలో ఏ దేవుడు కనిపిస్తే ఆ దేవుడికి కొట్టేస్తానని ముందే మొక్కుకుంది. రాష్ట్రం సరిహద్దులోని అత్తిబెల గేటు దాటేదాకా బస్సు కమ్మీ వదల్లేదు. జన్మకు హోసూరు దాటి ఎరగదు మరి. మార్కెట్టులో ఆ పూల గుట్టలు చూసి, "ఇన్ని పూలు ఏ దేవుడికే?" అని అడిగింది.  పూలు చెల్లాయి. గంప అడుగున నాలుగు చేమంతులు మిగిలాయి.

"పద. యాడికి పోతావో పద" అంది కాళమ్మ.

గేటు దగ్గర వెంకటరమణప్ప లేచి నమస్కారం పెట్టాడు. "మీ అత్తనా అమ్మా? రా తల్లీ. మీ కోడలు మాదిరిగా ఈడ పనిచేసే మేము గూడా చూసినోళ్ళం కాదు" అన్నాడు. ఈయనేనా ఆ కాకీబట్టల వాడు? ముఖమంతా ముడతలు, పళ్ళు సగం లేవు. కాళమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, "హూఁ" అంది. ఆ హూఁకారం ఎటు పోతుందో పచ్చయమ్మకు అర్థం కాలేదు.

లోపల కత్తుల దగ్గర కాళమ్మ ఆగలేదు. నాణేలను చూడనైనా లేదు. పులిని చూసి రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ సర్దుకుంది. వెనక వసారాలోకి వచ్చేసరికి మాత్రం గట్టిగా నిలబడిపోయింది. గోడకు ఆనించి ఒక రాయి. రాతి మీద విల్లు పట్టిన మనిషి, కాళ్ళ దగ్గర ఆవులు, పైన అప్సరసలు అతన్ని మోసుకుపోతున్నారు.

మన దిక్కున ప్రతి ఊరి పొలిమేరలోనూ అలాంటి రాయి ఒకటుంటుంది. ఊరి కోసం చచ్చినవాడి రాయి. నల్లగుట్టపల్లి వాళ్ళు వీరప్ప అంటారు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి కాళమ్మ దానికి నీళ్ళు పోసి, పువ్వు పెట్టకుండా పనికి పోయిన రోజు లేదు. అలాంటి రాయి ఇక్కడ దుమ్ము కొట్టుకుని, పసుపు లేకుండా, నుదుట ఏదో తెల్లరంగు అంకె రాయించుకుని నిలబడి ఉంది!

"అయ్యో నా తండ్రీ! నీకు సుక్క నీళ్ళు పోసే దిక్కు లేకపోయెనా!"

పచ్చయమ్మ ఆపేలోపే అంతా అయిపోయింది. కాళమ్మ మూలనున్న కొళాయి నీళ్ళు దోసిలితో తెచ్చి చల్లింది. పసుపు పూసింది. బొట్టు పెట్టింది. నాలుగు చేమంతులు పెట్టింది. కొబ్బరికాయ ఎత్తి మెట్టు మీద కొట్టింది. టప్పున పగిలిన చప్పుడు ఆ బంగళాలో మూలమూలా మోగింది. కర్పూరం వెలిగేసరికి చూడవచ్చిన జనం పదిమంది దండాలు పెడుతున్నారు. ఒకావిడ చేయి చాచి తీర్థం అడిగింది కూడా.

"కొంప మునిగింది తల్లీ!" అని వెంకటరమణప్ప పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే కళ్ళద్దాల ఆఫీసరు.

పచ్చయమ్మ తనకు ఈ గేటు ఇక ఊరి నుంచే కాదు, ఈ వైపు నుంచీ మూసుకుపోయిందనుకుంది. "తెలీక చేసినారు సామీ" అని చేతులు జోడించింది.

కాళమ్మ మాత్రం తగ్గలేదు. "ఏమప్పా, తెచ్చి పెట్టుకున్నారు గదా, ఒక పువ్వు పెట్టేదానికేమి?"

ఆఫీసరు ఒక్కక్షణం ఆమెను చూశాడు. తరువాత నిప్పు ఆర్పించి, తడిగుడ్డ తెప్పించి, తనే రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. పసుపు మెల్లగా తుడిచాడు. ఆయన కన్నడంలో చెబుతుంటే వెంకటరమణప్ప తెలుగులో అందించాడు. "పసుపు, నూనె పట్టిందంటే అక్షరాలు పూడిపోతాయంట తల్లీ. అందుకని పూయనియ్యరంట."

"అచ్చరాలా? యాడ?"

ఆఫీసరు వేలు పెట్టి చూపించాడు. అప్సరసల కింద సన్నగా గీతలు. ఆయన కూడబలుక్కుని చదివాడు. మారయ్య అనేవాడు ఊరి ఆవులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పోయాడట. ఆవులను విడిపించాడట. తాను పడిపోయాడట. ఈ రాయిని నిలబెట్టింది వాడి తల్లి అట.

"వాళ్ళమ్మనా?" అంది కాళమ్మ. గొంతు అంత నెమ్మదిగా పలకడం పచ్చయమ్మ అప్పుడే విన్నది. "మేమందరం వీరప్పా వీరప్పా అంటాము గానీ, వీరప్పకు పేరుంటుందని, అమ్మ ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు గదప్పా."

కొబ్బరి చిప్పలో సగం ఆయన చేతిలో పెట్టింది. ఆయన నవ్వి, అక్కడే నిలబడి తిన్నాడు. "ఇంకోసారి వస్తే నిప్పు తేవద్దు, పువ్వు మాత్రం తేవచ్చు" అని చెప్పమన్నాడు.

మేడ మీద ఆ వారం పటాలు ఉన్నాయి. కాళమ్మ మెట్లు ఎక్కుతూ, గోడలన్నీ తడుముతూ వచ్చింది. రాజుల పటాలు, గుర్రాల పటాలు దాటింది. ఒక పటం ముందు ఆగిపోయింది. కళ్ళం దగ్గర రాగులు తూర్పారబట్టే ఆడమనిషి. మోకాలి పైకి దోపిన చీర, జుట్టు నిండా పొట్టు.

"ఇదెవురే? ఏ రాణి?"

"రాణి కాదత్తా. ఎవురో కూలామె."

"కూలామెకు పటం రాస్తారా?"

"రాస్తారు అత్తా."

కాళమ్మ చాలాసేపు చూసింది. తరువాత తన జుట్టు సవరించుకుంది. పచ్చయమ్మ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు, ఏడుపు ఆగలేదు.

హోటలు గుమ్మంలో కాళమ్మ మొండికేసింది. బల్లల మీద మగవాళ్ళను చూసి వెనక్కి తగ్గింది. సర్వరు "బన్ని అమ్మా, బన్ని" అని లోపలికి పిలిచి, కుర్చీ తుడిచి జరిపాడు. కాళమ్మ కుర్చీ చివర, జారిపోయేలా కూర్చుంది. మసాలా దోసె వచ్చింది. తుంచింది.

"ఏమే, లోపల ఏమో దాచిపెట్టినారు!"

"ఉర్లగడ్డ పల్యం అత్తా, మన కూర మాదిరే. తిను."

కాళమ్మ తిన్నది.  చట్నీ గిన్నె కూడా వేలితో తుడిచింది. సర్వరు వచ్చి, "ఇన్నేను బేకమ్మా?" అన్నాడు. ఇంకేం కావాలని అడుగుతున్నాడని ఆమెకు తెలుసు, ఆ మాత్రం కన్నడం రాకపోవడమేమి? తలెత్తి అతని ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. అరవై ఏళ్ళ మనిషి. ఆ మాట ఆమెనూ ఎవరూ అడిగి ఎరగరు. చివరికి పచ్చయమ్మే "ఇంకొకటి తే అన్నా" అంది.

తిరుగు బస్సులో కాళమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పచ్చయమ్మ పలకరించినా ఇటు తిరగలేదు.  నిప్పు, కొబ్బరికాయ, ఆఫీసరు, అన్నీ గుర్తొచ్చి పచ్చయమ్మ ఆశ వదిలేసుకుంది. అంతమందిలో అవమానమైంది కదా. ఇక వద్దంటుంది. అనకుండా ఉంటే అది కాళమ్మ కాదు.

ఊళ్ళోకి వచ్చేసరికి రచ్చబండ దగ్గర జనం. మారియప్ప ఉన్నాడు. అంజినమ్మ ఉంది. హనుమంతప్ప ఒక పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమి పెద్దమ్మా," మారియప్ప నవ్వుతూ అందుకున్నాడు, "తెలిసిందా, నీ కోడలు యాడికి పోతుందో?"

"తెలిసింది." కాళమ్మ గంప కింద పడేసింది. గుట్ట అవతలికి వినబడే గొంతు మళ్ళీ వచ్చింది. "ఇది ఎట్లాంటిదో ఇప్పుడు తెలిసింది నాకు. నా ఇంట్లో తిని, నా ఇంట్లో పండుకొని, ఇంత మోసం చేస్తుందని అనుకోలేదు!"

పచ్చయమ్మ కళ్ళు మూసుకుంది. హనుమంతప్ప ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. మారియప్ప మీసం మీదికి చేయి పోయింది.

"రెండేండ్లు!" అంది కాళమ్మ. "రెండేండ్లు ఒకతే చూసింది. ఒకతే తినింది. ఇంట్లో ముసలిది ఒకతి ఉండాదే, దానికీ కండ్లుండాయే, దానికీ నోరుండాదే, ఒకనాడు పిలుస్తామని బుద్ధి పుట్టిందా దీనికి?"

ఎవరూ నవ్వలేదు. పచ్చయమ్మ కళ్ళు తెరిచింది. "రమ్మంటే తిడతావనుకున్నాను అత్తా."

"తిడతాను. తిట్టి వచ్చేదాన్ని గదే." కాళమ్మ కింద పడేసిన గంప తీసి కోడలి చేతికిచ్చింది. "అడిగి చూసింటే గదా తెలిసేది."